పేరు చెప్పగానే నిండిపోయే గది



పోయిన సెప్టెంబరులో ఒక రాత్రి ఇషా నమాజు చదివి ఇంటికొచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాను. ఫోను మోగింది. డబ్లిన్ నుంచి మా చెల్లెలి కూతురు. ఎమ్మెస్ చదవడానికి ఐర్లండ్ వెళ్లి అప్పటికి పన్నెండు రోజులు. తెలిసినవాళ్ల ఇంట్లో, హాల్లో, సోఫా మీద పడుకుంటోంది. ఇల్లు దొరికిందని ఖుష్‌ఖబర్ చెప్పడానికి చేసిందేమో అనుకున్నాను.

"మామూ, గది నిండిపోయిందట" అంది.

సంగతి ఇది. అక్కడి తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. ఇద్దరు తెలుగమ్మాయిలున్న ఇంట్లో మూడో అమ్మాయి కావాలి. నెలకు 650 యూరోలు, కాలేజీకి ఒకటే బస్సు. మా పిల్ల మెసేజ్ పెట్టింది. ఏ ఊరని అడిగారు. గాజువాక అంది. "అయ్యో, మాది అనకాపల్లే" అన్నారు. ఏం చదువుతున్నావు, ఎప్పుడు చేరతావు, వంట వచ్చా, అన్నీ మాట్లాడుకున్నారు. సాయంత్రం వచ్చి గది చూసుకో అన్నారు. చివర్లో "నీ ఫుల్ నేమ్ పంపు" అన్నారు. పంపింది. పదకొండు నిమిషాలకు జవాబు వచ్చింది: "సారీ, రూమ్ ఫిల్ అయిపోయింది." మూడో రోజు అదే ప్రకటన, అవే ఫోటోలు, అదే గ్రూపులో మళ్లీ కనబడ్డాయి.

"ఏడ్చావా బేటీ?" అని అడిగాను.

"ఎందుకు మామూ? ఈ సినిమా గాజువాకలో చూసిందే కదా. ఇక్కడ చలి ఎక్కువ, అంతే తేడా" అంది.

ఆ రాత్రి ఆ పిల్ల ఇంకో మాట కూడా అంది. అది నాకు తగలాల్సిన మాట. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఇతరుల హిసాబ్ చూద్దాం, ఆ తర్వాత మన హిసాబ్.

మా అబ్బా స్టీల్ ప్లాంటులో ఫిట్టరు. నా చిన్నతనమంతా ఉక్కునగరం క్వార్టర్స్‌లో గడిచింది. అక్కడ క్వార్టరు ఎవరికి రావాలన్నది గ్రేడును బట్టి, సీనియారిటీని బట్టి తేలేది. మీ పేరేమిటి, ఇంటిపేరేమిటి, ఆదివారం ఏం వండుకుంటారు అని ఎవడూ అడగలేదు. మాకు ఎడమపక్క శ్రీకాకుళం వాళ్లు, కుడిపక్క ఒరిస్సా వాళ్లు, పైన ఒక బ్రాహ్మల కుటుంబం. పండక్కి మా అమ్మీ షీర్ ఖుర్మా పంపేది. సంక్రాంతికి అరిసెలు వచ్చేవి. పైవాళ్లు మా ఇంట్లో వండినది తినేవారు కాదు, కానీ బక్రీదు రోజు ఆ ఇంటి మామ్మగారే మమ్మల్ని పిలిచి చేతిలో పదేసి రూపాయలు పెట్టేవారు. ఇరవయ్యేళ్లు ఒకే మెట్లు ఎక్కాం, దిగాం. ఎవరి ఈమానూ చెడలేదు, ఎవరి ఆచారమూ చెడలేదు.

అబ్బా రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేసి గాజువాకలో ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. అప్పటికి నాకు పాతికేళ్లు. నేనూ అబ్బా స్కూటరు మీద కొత్త గాజువాక, శ్రీనగర్, కూర్మన్నపాలెం, వడ్లపూడి అన్నీ తిరిగాం. టూలెట్ బోర్డు కనబడితే దిగేవాళ్లం. అబ్బా తెల్లచొక్కా, మంచి తెలుగు చూసి లోపలికి రమ్మనేవారు, కుర్చీ వేసేవారు, మంచినీళ్లు ఇచ్చేవారు. తర్వాత పేరు అడిగేవారు. మకాన్‌మాలిక్ ముఖంలో ఏదో మారేది. "మాకైతే ఏం అభ్యంతరం లేదండీ, పై పోర్షన్ వాళ్లే..." అనేవాడొకడు. "మా అమ్మగారికి పట్టింపు ఎక్కువ" అనేవాడింకొకడు. "ఇప్పుడే మా బావమరిది ఫోన్ చేశాడు, వాళ్లకే కావాలంట" అనేవాడు మరొకడు. ఫోను మోగిన చప్పుడు మాకు మాత్రం వినబడలేదు.

అందరికంటే ఎక్కువసార్లు విన్న బహానా మాంసం. గాజువాకలో! ఆదివారం తెల్లారకముందే మటన్ కొట్టు ముందు లైను కట్టే ఊరు ఇది. మాకు ఇల్లు ఇవ్వనన్న పెద్దమనిషి ఆ తర్వాతి ఆదివారం లైనులో నాకంటే రెండు మనుషుల ముందున్నాడు. కిలోన్నర కొట్టించుకున్నాడు, నల్లీ వేరే అడిగి తీసుకున్నాడు. నన్ను చూసి నవ్వాడు కూడా. కాబట్టి మాంసం మాట ఉత్త బహానా. అసలు మాట తఅస్సుబ్. దానికి వంటింటి బురఖా తొడిగారు.

ఇంకా బాధ కలిగించే సంగతి, ఇది ఏ ఊళ్లో జరుగుతోంది అన్నది. గాజువాక అంటేనే ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల ఊరు. 1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని జనం ప్రాణాలిచ్చారు. 1971లో శంకుస్థాపన జరిగింది. ఆ కర్మాగారం కోసం చుట్టుపక్కల ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆర్ కార్డు చేతిలో పట్టుకుని ఉద్యోగం కోసం దశాబ్దాలు తిరిగిన కుటుంబాలు ఇప్పటికీ ఇక్కడే ఉన్నాయి. మిగిలినవాళ్లం పొట్ట చేతపట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లం. శ్రీకాకుళం, విజయనగరం, ఒరిస్సా, బీహార్. ఇక్కడ ప్రతి ఇంటాయనా నిన్నటి కిరాయాదారే, లేదా కిరాయాదారు కొడుకే. అలాంటి ఊళ్లో మనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టి పేరు తూకం వేయడం అంటే సొంత బాపును మరిచిపోవడమే.

"మనుషులంతే భాయ్, మార్చలేం" అని కొందరు నాతో అంటారు. నేను ఒప్పుకోను. ఉక్కునగరంలో ఉన్నదీ ఈ మనుషులే. అక్కడ కాయిదా ఉంది కాబట్టి కలిసి బతికారు. గేటు దాటి బయటికొస్తే కాయిదా లేదు కాబట్టి విడదీస్తున్నారు. మన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి మతాన్నిబట్టి, కులాన్నిబట్టి రానివ్వకపోవడం కుదరదంటుంది. సొంత ఇల్లు అద్దెకిచ్చే ప్రైవేటు మనిషి మతాన్నిబట్టి కాదనకుండా ఆపే సూటి చట్టం మాత్రం దేశం మొత్తానికి ఇప్పటికీ లేదు. అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో 2005లో సుప్రీంకోర్టు, సభ్యత్వాన్ని తమ వర్గం వాళ్లకే పరిమితం చేసుకునే హక్కు ఆ సహకార సంఘానికి ఉందని చెప్పింది. మరుసటి ఏడాదే, 2006లో, సచార్ కమిటీ తన రిపోర్టులో ముసల్మానులకు కోరుకున్న చోట ఇల్లు కొనడం, అద్దెకు తీసుకోవడం కష్టమవుతోందని రాసింది. రిపోర్టు లైబ్రరీలో ఉంది. మనం ఇంకా టూలెట్ బోర్డు కిందే ఉన్నాం.

ఇతర దేశాలు పుట్టుకతో మంచివేమీ కావు. ఇంగ్లండులో ఐరిష్ వాళ్లకూ నల్లవాళ్లకూ గది ఇవ్వమని కిటికీల్లో రాసి పెట్టిన కాలాన్ని అక్కడి పెద్దలు ఇంకా తలుచుకుంటారు. 1968లో బ్రిటన్ చట్టం తెచ్చి, ఇళ్ల విషయంలో జాతి వివక్ష కుదరదంది. అమెరికా కూడా అదే 1968లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారంలోనే, ఫెయిర్ హౌసింగ్ చట్టం తెచ్చింది. ఐర్లండులో 2000లో ఈక్వల్ స్టేటస్ చట్టం వచ్చింది. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మతం, జాతి లాంటి కారణాలతో మనిషిని కాదనకూడదు. అయితే తాను ఉంటున్న ఇంట్లోనే ఒక గది ఇచ్చేవాడికి ఆ చట్టంలో మినహాయింపు ఉంది.

ఆ మినహాయింపు సందులోకే మన తెలుగువాళ్లు గాజువాకను మోసుకెళ్లారు. మా పిల్లను కాదన్నది తెల్లదొర కాదు. తెల్ల ఏజెంట్లు కూడా ఇల్లు ఇవ్వలేదు, నిజమే. కాలేజీ ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంటు, పాత ఇంటాయన సిఫారసు అడిగారు. కొత్తగా దిగిన పిల్ల పాత ఇంటాయనను ఎక్కడి నుంచి తెస్తుంది? అది వేరే కష్టం, దేశంలో ఇళ్లు చాలక వచ్చిన కష్టం. కానీ పేరు చూసి తలుపు వేసింది మాత్రం అనకాపల్లి పిల్ల.

ఒక్కసారి ఆలోచించండి. 2025 జూలైలో డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుణ్ని కొట్టి, బట్టలు ఊడదీసి రోడ్డు మీద వదిలేశారు. ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం అక్కడి భారతీయులకు జాగ్రత్తగా ఉండమని సూచన జారీ చేసింది. మా చెల్లెలు ఆ వార్త చూసి టికెట్ రద్దు చేయిద్దామని ఏడ్చింది కూడా. రోడ్డు మీద కొట్టేవాడు నీ ఇంటిపేరు అడగడు. నీ చర్మం చూస్తాడు, చాలు. బయట అందరం ఒకే రంగు, ఒకే భయం. ఇంట్లోకొచ్చి తలుపు వేసుకోగానే మళ్లీ నువ్వెవరు, నేనెవరు. పర్దేశంలో హమ్‌వతన్ అంటే అర్థం ఇదేనా?

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఒకే వంటిల్లు, ఒకే బాత్రూమ్ పంచుకునేటప్పుడు ఎవరితో ఉంటామో చూసుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. శాకాహారి పిల్ల "ఈ వంటింట్లో మాంసం వండకూడదు" అని చెప్పడం తప్పు కాదు. సిగరెట్టు, మందు, రాత్రి రెండింటికి పాటలు, గిన్నెలు తోమకపోవడం, ఇవన్నీ అడగవలసినవే. అడగండి! మా పిల్ల సరేనంటుంది. అక్కడ హలాల్ మాంసం కోసం రెండు బస్సులు మారాలి, రోజూ తినేది పప్పూ గుడ్డే. కానీ ఆ అమ్మాయిలు అలవాట్లు అన్నీ అడిగారు, అన్నిటికీ ఒప్పుకున్నారు. రమ్మన్నారు. పేరు విన్నాకే గది నిండింది. అలవాటును అడిగి తెలుసుకోవచ్చు, మార్చుకోవచ్చు. పేరు అమ్మీ అబ్బా పెట్టింది. దాన్ని మా పిల్ల గుమ్మం బయట చెప్పులతో పాటు విప్పి రావాలా?

ఇంతవరకు చదివి "వాహ్ భాయ్, బాగా కడిగావు" అనుకుంటున్న నా ముసల్మాన్ సోదరులారా, ఆగండి. అసలు జులుం ఇక ముందుంది. అది చేసింది మనవాడు.

సోఫా మీద మూడు వారాలయ్యాక మా పిల్లకు ఒక భాయ్ దొరికాడు. ఫోన్ ఎత్తగానే సలాం చెప్పాడు. "మన అమ్మాయివి, పరదేశంలో ఒంటరిగా ఎందుకు ఇబ్బంది పడతావు" అన్నాడు. మా చెల్లెలు ఆ మాట విని షుక్రానా నఫిల్ చదివింది. ఒక నెల అడ్వాన్సు, రెండు నెలల అద్దె ముందే, అంతా నగదు. రసీదు అడిగితే "మన మధ్య రసీదులేంటి బేటా" అన్నాడు. మా పిల్ల వెళ్లి చూస్తే రెండు బెడ్‌రూముల ఇంట్లో ఆరుగురు అమ్మాయిలు. ఒక్కొక్కరి దగ్గర అంతే వసూలు. ఆ భాయ్ ఇంటి యజమాని కాదు. తనూ కిరాయాదారే. యజమానికి చెప్పకుండా మంచాలు వేసి అద్దెకిస్తున్నాడు. అలా చేయాలంటే అక్కడి చట్టం ప్రకారం యజమాని అనుమతి కావాలి. డిసెంబరులో యజమాని వచ్చి చూశాడు. వారంలో అందరూ రోడ్డు మీద. అడ్వాన్సు అడిగితే భాయ్ "ఇన్షా అల్లాహ్ ఇస్తాను" అన్నాడు.

ఇన్షా అల్లాహ్! అల్లాహ్ పేరు మీద "ఇవ్వను" అని చెప్పే కొత్త పద్ధతి ఇది.

తఅస్సుబ్‌తో తలుపు వేసిన అమ్మాయి మా పిల్ల మనసు నొప్పించింది, నిజం. కానీ డబ్బు తినలేదు. సలాం చెప్పినవాడు డబ్బు తిన్నాడు, నమ్మకాన్నీ తిన్నాడు. ఖురాన్ షరీఫ్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏదో మీకు తెలుసు కదా? సూరె బఖరాలో 282వది. నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు లావాదేవీ చేసేటప్పుడు రాసుకోండి, గవాహ్‌లను పెట్టుకోండి అని చెప్పే ఆయత్ అది. అల్లాహ్ తన కితాబ్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్‌ను కాగితం రాసుకోవడం కోసం పెడితే, మనం "మన మధ్య కాగితమేంటి" అంటాం. రసీదు అడగడం బద్గుమానీ కాదు, దీన్. రసీదు ఇవ్వననేవాడే అనుమానించదగినవాడు. వాడి గడ్డం ఎంత పొడవున్నా సరే.

ఇక తల్లిదండ్రులం మనం. మన మీదా నాలుగు మాటలున్నాయి. మా చెల్లెలూ బావా పిల్లను పంపడానికి పెదగంట్యాడ వైపు ఉన్న స్థలం అమ్మారు, నగలు తాకట్టు పెట్టారు. ఫీజు కట్టారు, టికెట్ కొన్నారు, రెండు సూట్‌కేసుల్లో ఊరగాయలూ కుక్కరూ సర్దారు. పిల్ల తల మీద కప్పు సంగతి మాత్రం "వెళ్లాక చూసుకుంటుందిలే" అన్నారు. ఐర్లండ్ వీసాకు ఏడాది ఖర్చుకు కనీసం 10,000 యూరోలు చూపించాలి. మన మొహల్లాల్లో ఏం జరుగుతోంది? బ్రోకరు దగ్గర వడ్డీకి తెచ్చి ఖాతాలో వేస్తారు, ముద్ర పడగానే తిరిగి ఇచ్చేస్తారు. ఆ డబ్బు పిల్లల అద్దె కోసం అడిగిన డబ్బు. కాగితం మీద ఉంది, జేబులో లేదు. అంటే మనం ఆఫీసరుకు చెప్పిన అబద్ధాన్ని ఆరుగురు పడుకునే గదిలో పిల్ల తీరుస్తోంది. చేతిలో డబ్బు లేని పిల్లే ఇలాంటి భాయ్ చేతికి చిక్కుతుంది. సూద్ హరాం అని జుమ్మా బయాన్‌లో తలలు ఊపి, సోమవారం బ్రోకరు దగ్గర కూర్చునేవాళ్లం మనమే.

కాబట్టి పంపేవాళ్లు ఈ కొన్ని విషయాలు గుర్తుపెట్టుకోండి. టికెట్ కంటే ముందు కప్పు చూడండి. సీటు వచ్చిన రోజే యూనివర్సిటీ హాస్టలుకు దరఖాస్తు పెట్టించండి, తర్వాత దొరకవు. గది కళ్లతో చూడకుండా, లేదా నమ్మకమైన మనిషి వెళ్లి చూడకుండా ఒక్క యూరో పంపకండి. 2021 ఆగస్టు నుంచి ఐర్లండులో మామూలు అద్దె ఇంటికి ముందుగా అడగగలిగింది ఒక నెల డిపాజిట్, ఒక నెల అద్దె, అంతే. మూడు నెలలు ముందే అడిగేవాడు చట్టం బయట ఉన్నాడని తెలుసుకోండి. ఇల్లు మొత్తం అద్దెకు తీసుకున్న కిరాయాదారుకు తగవు వస్తే రెసిడెన్షియల్ టెనెన్సీస్ బోర్డు ఉంది. యజమాని ఉంటున్న ఇంట్లోనే గది తీసుకుంటే ఆ బోర్డు రక్ష ఉండదు. అప్పుడు డిపాజిట్ కోసం స్మాల్ క్లెయిమ్స్ దారి ఉంది: 25 యూరోల రుసుము, 2,000 యూరోల వరకు దావా. థ్రెషోల్డ్ అనే సంస్థ కిరాయాదార్లకు ఉచితంగా సలహా ఇస్తుంది. ఏ దేశమైనా సరే, వెళ్లే ముందు ఆ దేశం అద్దె కాయిదాలు ఒక గంట కూర్చుని చదివించండి. పెళ్లి ఖానా మెనూకు ఇచ్చే సమయంలో సగం చాలు.

ఇప్పుడు మొదట ఆపిన మాట దగ్గరికి వస్తాను.

ఆ సెప్టెంబరు రాత్రి ఫోను పెట్టేసే ముందు మా పిల్ల అడిగింది: "మామూ, మీ పై పోర్షన్‌కు వచ్చిన ఆ అన్నయ్య గుర్తున్నాడా?"

గుర్తున్నాడు. మరిచిపోయినట్టు నటించాను, అంతే.

2016లో ఇంటి మీద ఒక పోర్షన్ వేశాను. ఆటోనగర్‌లో లేత్ షాపు బాగా నడుస్తున్న రోజులు. బోర్డు పెట్టిన మూడో రోజు ఒక కుర్రాడు వచ్చాడు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ప్లాంటులో అప్రెంటిస్‌గా వచ్చాడు. పెళ్లైంది, భార్యను తెచ్చుకుంటానన్నాడు. వినయంగా మాట్లాడాడు, అద్దెకు ఒప్పుకున్నాడు, అడ్వాన్సు జేబులోంచి తీశాడు. నేను కూర్చోమని కుర్చీ వేశాను, మంచినీళ్లు ఇచ్చాను. తర్వాత ఇంటిపేరు అడిగాను. ఊళ్లో మీ ఇల్లు ఏ వీధిలో అని అడిగాను. అతను చెప్పాడు. నాకు అర్థమైంది. అతనికి నాకు అర్థమైందని అర్థమైంది.

"ఇప్పుడే మా బావమరిది ఫోన్ చేశాడు బాబూ..." అన్నాను.

అబ్బాతో స్కూటరు మీద తిరిగినప్పుడు విన్న మాట, అక్షరం తేడా లేకుండా నా నోట్లోంచి వచ్చింది. అతను నోట్లు మడిచి జేబులో పెట్టుకుని, "పర్వాలేదు సార్" అని లేచాడు. గ్లాసులో నీళ్లు అలాగే ఉన్నాయి. అప్పుడు గదిలో పదమూడేళ్ల మా మేనకోడలు హోంవర్కు చేసుకుంటోంది. బోర్డు ఇంకో నెల అలాగే వేలాడింది. ఆ పిల్ల రోజూ దాని కిందనుంచే స్కూలుకు వెళ్లింది. ఏమీ అడగలేదు. తొమ్మిదేళ్ల తర్వాత డబ్లిన్ నుంచి అడిగింది.

నాకేం బహానా ఉంది? ఇస్లాంలో జాత్ లేదని ప్రతి దావత్‌లో గర్వంగా చెప్పుకుంటాం. గాజువాకలో మనవాళ్ల టూలెట్ బోర్డుల కింద ఏం జరుగుతోందో నాకు తెలుసు. దళితుడికి ఇవ్వం. బీహార్ నుంచి వచ్చిన వెల్డరు ముసల్మానే అయినా "వాళ్లు గలీజ్" అంటాం. దూదేకుల కుటుంబం వస్తే "వాళ్లకు ఉర్దూ రాదు, మనలాంటివాళ్లు కాదు" అంటాం. తలాక్ అయిన ఆడమనిషి ఒంటరిగా వస్తే "మొహల్లాలో మాటలొస్తాయి" అంటాం. తర్వాత సాయంత్రం కూర్చుని మనకెవడూ ఇల్లివ్వడం లేదని ఏడుస్తాం. మన ఏడుపు నిజమే. కానీ ఇన్సాఫ్ అనేది ఒకవైపే తెరుచుకునే తలుపు అయితే దాన్ని ఇన్సాఫ్ అనరు. అది మతలబ్.

మన రసూల్ (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా ఊరు వదిలి మదీనాకు వచ్చిన ముహాజిర్. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో నెలల తరబడి ఉన్నారు. మసీదు కట్టడానికి ఎంచుకున్న స్థలం ఇద్దరు యతీములది. వాళ్లు ఉచితంగా ఇస్తామన్నా వద్దని వెల కట్టించే తీసుకున్నారు. ఆశ్రయం ఇవ్వడం, ఇతరుల జాగాకు హక్కుగా వెల చెల్లించడం, రెండూ మన చరిత్రలో మొదటి పాఠాలు. ఆ చరిత్రను మీలాద్ బ్యానర్ల మీద కాకుండా గుమ్మం దగ్గర చూపించాలి.

నేను మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, ఇల్లు అద్దెకిచ్చే ప్రతి ముసల్మానూ అద్దె, అడ్వాన్సు, ఇంటి నియమాలు ముందు మాట్లాడాలి. పేరు చివర్లో, అగ్రిమెంటు రాసేటప్పుడు అడగాలి. మాట ఇచ్చాక పేరు విని తిప్పుకోకూడదు. రెండు, అడ్వాన్సు అమానత్. రసీదు ఇచ్చి తీసుకోవాలి, ఖాళీ చేసిన రోజే లెక్క చూసి తిరిగి ఇవ్వాలి. "సున్నం వేయించాను" అని సగం మింగడం ఖియానత్. మూడు, మన మసీదు కమిటీలు ఒక పని చేయాలి. పరదేశం వెళ్లిన పిల్లల్లో, అక్కడ స్థిరపడిన కుటుంబాల్లో, కొత్తగా వచ్చిన పిల్లను మొదటి నెల ఉంచుకోగలిగినవాళ్ల జాబితా తయారు చేయాలి. భాయ్ వేషంలో ఉన్న దళారుల జాబితా కూడా పక్కనే పెట్టాలి. ముసాఫిర్‌ఖానాలు కట్టిన కౌమ్ మనది. జాబితా ఒకటి రాయలేమా?

ఆ అప్రెంటిస్ కుర్రాడి కోసం వెతికాను. ప్లాంటులో తెలిసినవాళ్లను అడిగాను. ఆ ఏడాది అప్రెంటిస్‌లు ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. దొరకలేదు. దొరికితే ఏం చెప్పేవాణ్నో కూడా నాకు తెలీదు. తౌబా అల్లాహ్ దగ్గర చేసుకోవచ్చు. బందే హక్కు మాత్రం ఆ బందా మాఫ్ చేస్తేనే తీరుతుంది. ఈ రాత ఆ మాఫీ అడగడమే, అతను ఎప్పుడైనా చదువుతాడేమోనని.

మా పిల్ల ఇప్పుడు ఇంకో ఇద్దరితో కలిసి చిన్న ఇల్లు తీసుకుంది. యజమాని పేరు మీద అగ్రిమెంటు ఉంది, బోర్డులో నమోదు ఉంది. ఒకమ్మాయి నెల్లూరు, ఇంకొకమ్మాయి కేరళ. మూడో మంచానికి ప్రకటన పెట్టింది మా పిల్లే. నెల్లూరమ్మాయి ఫోన్ చేసి మొదటి మాటే "నా పేరు ఫలానా, మీకేం అభ్యంతరం లేదు కదా?" అందట. ఆమెకూ ఎక్కడో ఒక గది నిండిపోయి ఉంటుంది. "పేరు తర్వాత చెబుదువుగాని, గిన్నెలు ఏ రోజుకారోజు తోముతావా?" అని మా పిల్ల అడిగిందట.

రంజాన్ దగ్గరపడింది. ఆ ఇంట్లో సెహ్రీకి అలారం మోగితే మిగతా ఇద్దరికీ నిద్ర చెడుతుందని మా పిల్ల దిగులు పడుతోంది. వాళ్లతో కూర్చుని మాట్లాడుకోమన్నాను. డబ్లిన్ భాయ్ ఇంకా ఇన్షా అల్లాహ్ దగ్గరే ఉన్నాడు. మా పై పోర్షన్ వచ్చే నెల ఖాళీ అవుతోంది. బోర్డు మళ్లీ పెడతాను. ఈసారి మా బావమరిది ఫోన్ చేయడు.

వస్సలాం.